ముందు డబ్బు, తర్వాత పత్రిక: మూడు హాబీ మాసపత్రికల చందా, వాటి యజమానుల చరిత్ర

హాబీ పత్రికకు చందా కట్టడం పైకి సరుకు కొన్నట్టే ఉంటుంది, నిజానికి అది అప్పివ్వడం. పన్నెండు సంచికల డబ్బు ముందే పుచ్చుకుంటారు, పత్రిక నెలకొకటి చొప్పున ఇస్తారు. ప్రచురణ సంస్థ పద్దు పుస్తకంలోనూ ఆ సొమ్ము వెంటనే ఆదాయం కాదు, బాకీగా రాసుకుంటారు. ఒక్కో సంచిక పోస్టులో పడ్డాకే అందులో పన్నెండో వంతు ఆదాయం వైపు జరుగుతుంది. అప్పిచ్చేవాడు ఎదుటివాడి పరపతి చూసుకున్నట్టే చందాదారుడూ యజమాని సంగతి చూసుకోవాలి. పత్రిక ఎంత బాగున్నా సరే.

ఇక్కడ చూస్తున్నవి మూడు అమెరికన్ పత్రికలు. రైలు నమూనాలు కట్టేవాళ్ల కోసం మోడల్ రైల్‌రోడర్, ఆకాశం చూసేవాళ్ల కోసం ఆస్ట్రానమీ, స్కై అండ్ టెలిస్కోప్. మొదటి రెండూ 1985 నుంచి ఒకే గూటివి, 2024లో ఒకే మూటగా చేతులు మారాయి. మూడోది 2006, 2014, 2019లలో మూడుసార్లు అమ్ముడుపోయింది. హాబీ పత్రికల వ్యాపారంలో మంచీ చెడూ ఈ మూడింటిలోనే దాదాపుగా కనిపిస్తాయి.

మిల్వాకీ గూడు

అల్ కాల్మ్‌బాక్ 1934 జనవరి సంచికతో మోడల్ రైల్‌రోడర్ మొదలుపెట్టాడు. ఊరు విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ, కాలం ఆర్థిక మాంద్యం నడిమధ్య. మరుసటి ఏడాది అదే ఊళ్లో రైలు నమూనాల జాతీయ సంఘం పుట్టింది. పత్రికకు పాఠకులు, పాఠకులకు సంఘం, ప్రకటనదారులకు ఆ రెండూ కావాలి కాబట్టి ఒకటి పెరిగితే మిగతావీ పెరిగాయి. 1940 నవంబరులో అసలు రైళ్ల గురించి ట్రెయిన్స్ వచ్చింది. 1982లో విమానాలు, ట్యాంకులు, ఓడల ప్లాస్టిక్ నమూనాల కోసం ఫైన్‌స్కేల్ మోడలర్ మొదలైంది.

1985లో ఆస్ట్రోమీడియా అనే చిన్న సంస్థను కొనడంతో ఆస్ట్రానమీ పత్రిక ఈ ఇంటికొచ్చింది. దాన్ని స్టీఫెన్ వాల్తర్ 1973 ఆగస్టులో 48 పేజీలతో మొదలుపెట్టాడు, నాలుగేళ్లకే చనిపోయాడు. రైళ్లకూ నక్షత్రాలకూ ఏం సంబంధమని అనిపించవచ్చు. ప్రచురణకర్త కంటికి రెండూ ఒకే రకం: పాఠకుడు చదివి ఊరుకోడు, చేతులతో ఏదో చేస్తాడు, పరికరాలు కొంటాడు, పాత సంచికలు పారేయడు. ఈ కాల్మ్‌బాక్ సంస్థ 1989లో వాకెషాలోని పెద్ద భవనానికి మారింది, 1996లో గార్డెన్ రైల్వేస్‌ను కొంది.

2010లో డిస్కవర్‌ను కొనడం మాత్రం వేరే దారి. అది జనరల్ సైన్సు పత్రిక. దాని పాఠకుడికి కొనాల్సిన పరికరం లేదు, చేయాల్సిన పని లేదు. కాబట్టి టెలిస్కోపు దుకాణంవాడో నమూనా ఇంజన్ల తయారీదారో అక్కడ ప్రకటన వేసే కారణం తక్కువ. హాబీ పత్రికకు ప్రకటన కూడా చదవదగ్గ సరుకే, జనరల్ పత్రికలో అది అడ్డం. ఈ తేడా చివరికి అమ్మకంలో తేలింది: 2024లో రైళ్లు, నమూనాలు, ఆస్ట్రానమీ ఒక కొనుగోలుదారుకి పోతే, డిస్కవర్ విడిగా ల్యాబ్ఎక్స్ మీడియా గ్రూప్‌కు వెళ్లింది.

మొదటి కొనుగోలుదారు ఫైర్‌క్రౌన్ మీడియా, టెనెస్సీలోని చాటనూగా సంస్థ. యజమాని క్రెయిగ్ ఫుల్లర్ సరుకు రవాణా సమాచార సంస్థ ఫ్రైట్‌వేవ్స్‌ను పెట్టిన మనిషి. ఆయన 2021లో బోనియర్ నుంచి ఫ్లయింగ్ పత్రికను కొన్నాడు. 1927లో పుట్టిన ఆ పత్రిక అప్పటికే జిఫ్-డేవిస్, సీబీఎస్, హాషెట్ చేతులు దాటి వచ్చింది. తర్వాత మరికొన్ని విమాన పత్రికలు, పడవల పత్రికలు చేరాయి. విమానం, పడవ, రైలు నమూనా, టెలిస్కోపు అన్నింటిలోనూ ఉమ్మడి లక్షణం ఒకటే: డబ్బు ధారాళంగా ఖర్చుపెట్టే పాఠకుడు. ఫ్లయింగ్ యజమాని టెనెస్సీలో రన్‌వే పక్కన ఇళ్ల కాలనీ కూడా ప్రకటించాడు. అంటే ఈ యజమాని దృష్టిలో పత్రిక పేరే ఆస్తి, కాగితం దాని ప్రచారం. అది తప్పేమీ కాదు. అలాంటి యజమాని టైటిల్‌ను అంత తేలిగ్గా చంపడు, పేరు పోతే ఆస్తి పోతుంది కాబట్టి. అయితే పేరు నిలిచినా లోపలి గీతల (కొలతల బొమ్మల) పేజీలు తగ్గిపోవచ్చు. పాఠకుడు కన్నేసి ఉంచాల్సింది అక్కడే.

మోడల్ రైల్‌రోడర్: దేనికి డబ్బివ్వాలి

ఈ పత్రిక విలువ వ్యాసాల్లో కన్నా గీతల్లో ఉంది: ట్రాక్ ప్లాన్‌లు (పట్టాల అమరిక పటాలు), బోగీల కొలతల చిత్రాలు, నమూనాను నిలిపే బల్ల కట్టే పద్ధతులు. చాలాకాలం సంపాదకుడిగా ఉన్న లిన్ వెస్ట్‌కాట్ ప్రచారంలోకి తెచ్చిన ఎల్-గర్డర్ బల్ల ఇందుకు మంచి ఉదాహరణ. ఒక పలకను నిలబెట్టి, దాని పై అంచుకు సన్న పట్టీని అడ్డంగా జిగురుతో, స్క్రూలతో బిగిస్తే ఎల్ ఆకారపు దూలం తయారవుతుంది. దాని మీద అడ్డకర్రలు వేసి, పట్టీ కిందినుంచి స్క్రూ ఎక్కిస్తారు. స్క్రూ కిందినుంచే ఉండాలి, కిటుకంతా అందులోనే ఉంది. పైన పట్టాలు, కొండలు, చెట్లు అన్నీ అయిపోయాక కూడా కిందికి దూరి అడ్డకర్రను పక్కకు జరుపుకోవచ్చు. పైనుంచి స్క్రూ కొట్టినవాడు కొండను తవ్వుకోవాలి.

ఇలాంటి గీత చదవాలంటే పత్రిక బల్లపరుపుగా తెరుచుకోవాలి. మధ్యలో పిన్ను కొట్టిన సంచిక అలాగే పరుచుకుంటుంది. వెన్నుకు జిగురు పెట్టిన పర్ఫెక్ట్ బైండింగ్ దర్జాగా కనిపించినా, రెండు పేజీల ట్రాక్ ప్లాన్ మధ్య భాగం మడతలోకి పోతుంది. ఏ హాబీ పత్రికయినా చేతికి రాగానే రెండు పేజీలు దాటిన గీత ఒకటి వెతికి, మడత దగ్గర అక్షరాలు చదవగలుగుతున్నామా లేదా చూడాలి. ముఖచిత్రం నాణ్యత కన్నా ఈ పరీక్ష ఎక్కువ చెబుతుంది.

పేజీల లెక్కా చూడాలి. అచ్చు ఫారాల్లో (ఒకేసారి అచ్చువేసి మడిచే పెద్ద కాగితాల్లో) నడుస్తుంది, ఒక ఫారం సాధారణంగా 16 లేదా 32 పేజీలు. అందుకే పత్రిక రెండు పేజీలో నాలుగు పేజీలో చొప్పున మెల్లగా చిక్కదు, ఒక్కసారిగా 8 లేదా 16 పేజీలు పడిపోతుంది. ఏడాది క్రితం సంచికతో పోల్చి అలాంటి తగ్గుదల కనబడితే ఏ పేజీలు పోయాయో లెక్కపెట్టండి. ప్రకటనలు పోతే సంస్థకు నష్టం, గీతలు పోతే మీకు. గీతలు గీసే మనిషికి జీతమివ్వాలి, ఫొటోలు మాత్రం పాఠకులే పంపుతారు. ఖర్చు తగ్గించాలనుకునే యజమాని కత్తి ముందు ఎటు పడుతుందో చెప్పనక్కర్లేదు.

డిజిటల్ చందా తీసుకునేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. హెచ్‌ఓ స్కేల్‌లో (రైలు నమూనాలను కుదించే నిష్పత్తుల్లో ఒకటి) అసలు ఒక అడుగు నమూనాలో 3.5 మి.మీ., అంటే 40 అడుగుల బోగీ గీతలో సరిగ్గా 140 మి.మీ. ఉండాలి. పీడీఎఫ్ ప్రింటు తీసేటప్పుడు 'ఫిట్ టు పేజ్' అని ఉంటే యంత్రం చెప్పకుండానే బొమ్మను కుదిస్తుంది. 97 శాతానికి కుదిస్తే ఆ బోగీ 135.8 మి.మీ. అవుతుంది. కంటికి తేడా తెలియదు. ఆ ప్రింటు పెట్టుకుని ప్లాస్టిక్ కోసినవాడికి మాత్రం తలుపులు, నిచ్చెనలు ఏవీ చోటుకు కుదరవు. 'యాక్చువల్ సైజ్' పెట్టి, గీత పక్కనే ఇచ్చిన కొలబద్దను స్కేలుతో కొలిచి చూసుకున్నాకే కత్తి పట్టాలి. అదే బోగీ ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్‌లో 76.2 మి.మీ.

ఆకాశం వైపు రెండు పత్రికలు

ఆస్ట్రానమీ కొత్తవాళ్ల పత్రిక. ఫొటోలు పెద్దవి, భాష తేలిక. మధ్యలో వచ్చే స్టార్‌డోమ్ అనే నక్షత్రాల పటం 35 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి గీసింది. స్కై అండ్ టెలిస్కోప్ పటం 40 డిగ్రీలకు. మీరు ఉన్నచోటి అక్షాంశం అంతకన్నా తక్కువైతే, తేడా ఎన్ని డిగ్రీలో ధ్రువతార అన్ని డిగ్రీలు కిందికి దిగుతుంది, దక్షిణాన అన్ని డిగ్రీల ఆకాశం అదనంగా కనిపిస్తుంది. ఆ అదనపు నక్షత్రాలు పటంలో ఉండవు. పటం తప్పని తిట్టుకునేవాళ్లు ఎక్కువగా ఈ సంగతి చూసుకోనివాళ్లే. నక్షత్రాలు రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, నెలకు రెండు గంటలు. అందుకే పటం మీద నెల మొదట్లో ఒక సమయం, చివర్లో ఇంకో సమయం వేస్తారు. సంచిక నెల ఆలస్యంగా చేరితే పటం పనికిరాదని కాదు, అచ్చువేసిన సమయానికి రెండు గంటల ముందు చూస్తే నక్షత్రాలు సరిపోతాయి. గ్రహాలకూ చంద్రుడికీ మాత్రం ఈ చిట్కా పనిచేయదు.

పరిశీలనలో ముదిరినవాళ్లకు స్కై అండ్ టెలిస్కోపే మేలు. ఆకాశం ఎంత చీకటిగా ఉందో 1 నుంచి 9 వరకు చెప్పే బోర్టిల్ కొలమానం 2001 ఫిబ్రవరిలో ఈ పత్రికలోనే అచ్చయింది. ఈ ఇల్లు వేసిన పాకెట్ స్కై అట్లాస్‌లో 80 పటాలు, 7.6 ప్రకాశ పరిమాణం (అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక) వరకు 30,796 నక్షత్రాలు ఉన్నాయి. టెలిస్కోపు పక్కన, ఎర్ర లైటులో, స్పైరల్ బైండింగ్‌తో తెరిచిపెట్టుకోవడానికి అంతకన్నా పనికొచ్చే పుస్తకం దొరకడం కష్టం.

పరికరాల సమీక్షలు చదివేటప్పుడు ఏ పత్రికైనా మూడు విషయాలు చూడాలి. పరికరాన్ని పత్రిక కొన్నదా, తయారీదారు అరువిచ్చాడా. లోపాలు అంకెల్లో ఉన్నాయా: మౌంట్ (టెలిస్కోపును మోసి తిప్పే పీఠం) అయితే నక్షత్రాన్ని వెంబడించడంలో ట్రాకింగ్ దోషం ఎన్ని ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు), మొత్తం బరువెంత. అదే సంచికలో ఆ కంపెనీ ప్రకటన ఎంత పెద్దది. మూడోది ఉన్నంతమాత్రాన సమీక్ష అబద్ధం కాదు. మొదటి రెండూ లేకుండా మూడోది ఒక్కటే ఉంటే ఆ సమీక్షను ప్రకటన కింద జమకట్టండి.

ఇక యజమానులు. చార్లెస్, హెలెన్ ఫెడరర్ దంపతులు రెండు చిన్న పత్రికలను కలిపి 1941 నవంబరులో స్కై అండ్ టెలిస్కోప్‌ను మొదలుపెట్టారు. అరవై ఏళ్లు దాటే వరకు సొంత సంస్థగానే నడిచింది. 2006లో న్యూ ట్రాక్ మీడియా కొంది, 2014లో ఎఫ్ ప్లస్ డబ్ల్యూ మీడియాకు అమ్మింది. ఎఫ్ ప్లస్ డబ్ల్యూ చేతిపనులు, రచన, నాణేలు, ఇంకా ఎన్నో హాబీల పత్రికలూ పుస్తకాలూ పోగేసిన సంస్థ. పత్రికలతోపాటు ఆన్‌లైన్ దుకాణాల మీదా డబ్బు గుమ్మరించి, అప్పు తీర్చలేక 2019 మార్చిలో దివాలా రక్షణకు వెళ్లింది. అప్పటికి అప్పు 10.5 కోట్ల డాలర్ల దాకా ఉంది. ముక్కలు ముక్కలుగా వేలం వేస్తే, 1899లో పుట్టిన అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్కై అండ్ టెలిస్కోప్‌ను తీసుకుంది. శాస్త్రవేత్తల సంఘం చేతిలో ఉన్న పత్రిక లాభం కోసం రేపే అమ్మకానికి రాదు. అయితే సంఘానికి ప్రకటనల వ్యాపారం వృత్తి కాదు, నష్టాలొస్తే ఎంతకాలం మోస్తుందనేది సభ్యుల ఓపిక మీద ఆధారపడుతుంది. మూడింటిలో యజమాని పరంగా ఎక్కువ నిశ్చింత ఇక్కడే అని మా అంచనా.

ఇలా చేతులు మారే గొలుసుకు పరాకాష్ఠ పీటర్సన్ పబ్లిషింగ్. రాబర్ట్ పీటర్సన్ 1948 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో హాట్ రాడ్ మొదలుపెట్టి కార్ల పత్రికల సామ్రాజ్యం కట్టాడు. 1996లో పెట్టుబడిదారులకు అమ్మేశాడు. రెండేళ్లు దాటాక బ్రిటిష్ సంస్థ ఎమాప్ అప్పులు కాక 120 కోట్ల డాలర్లు పెట్టి కొని, 2001లో అందులో సగం కూడా రాకుండా ప్రైమీడియాకు వదిలించుకుంది. 2007లో సోర్స్ ఇంటర్‌లింక్ ప్రైమీడియా హాబీ పత్రికలను మళ్లీ దాదాపు 120 కోట్లకు కొంది, 2009లో దివాలా తీసింది. చేతులు మారుతూ మారుతూ 2019 చివరికి ఆ గుంపులో 22 ముద్రిత పత్రికలుంటే 19 ఒక్క దెబ్బకు మూతపడ్డాయి. వీటిలో చాలావాటికి పాఠకులు లేక కాదు. ప్రతి కొనుగోలుకూ తెచ్చిన అప్పును పత్రికల సంపాదనతోనే తీర్చాలి, వడ్డీకి పోగా అచ్చుకు మిగిలేది తగ్గుతూ వచ్చింది.

యజమానిని చదివే ఫారం

అమెరికా తపాలాశాఖ పీరియాడికల్ రేటు (పత్రికలకిచ్చే తపాలా రేటు) వాడుకునే ప్రతి పత్రికా ఏటా అక్టోబరు 1 లోగా 3526 అనే ఫారం ఇవ్వాలి, దాన్ని పత్రికలోనూ అచ్చువేయాలి. ఏడాది చివరి సంచికల్లో, ఎవరూ చూడని మూలలో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. చందా కట్టేముందు చదవాల్సిన పేజీ అదే.

అందులో యజమాని పేరు, ఒక శాతమో అంతకుమించో వాటా ఉన్నవాళ్లు, అలాగే ఒక శాతానికి తక్కువ కాకుండా బాండ్లు, తనఖాలు చేతిలో ఉన్నవాళ్లు ఉంటారు. ఈ చివరి గడిలో 'ఎవరూ లేరు' అని ఉంటే మంచి గుర్తు. ఆ కింద అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి: గత 12 నెలల సగటు ఒకటి, ఫారానికి దగ్గరి సంచికది ఇంకొకటి. సగటు కన్నా తాజా సంచిక అంకె బాగా తక్కువుంటే పత్రిక జారుతోందని. మొత్తం అచ్చు ప్రతులకూ డబ్బిచ్చిన ప్రతులకూ మధ్య దూరం చూడండి. పంచకుండా మిగిలినవాటిలో దుకాణాల నుంచి తిరిగొచ్చిన ప్రతులు ఎక్కువగా ఉంటాయి, వాటి కాగితం, అచ్చు, రవాణా ఖర్చంతా నష్టమే. ఉచితంగా పంచే ప్రతులు ఏటేటా పెరుగుతుంటే ప్రకటనదారులకు చూపించడానికి అంకెను ఉబ్బిస్తున్నారేమో అనుకోవాలి. మూడేళ్ల ఫారాలు పక్కపక్కన పెడితే ఏ పత్రికా ప్రకటన చెప్పని సంగతి తెలుస్తుంది.

చందా కట్టే పద్ధతి

మూడేళ్ల చందాకు తగ్గింపు ఎంత ఊరించినా, కొత్తగా చేతులు మారిన పత్రికకు ఒక ఏడాదే కట్టాలి. ఆస్ట్రానమీ, మోడల్ రైల్‌రోడర్‌లకు ప్రస్తుతం ఇదే మా సలహా. స్కై అండ్ టెలిస్కోప్‌కు రెండేళ్లు కట్టినా భయం లేదు.

ఆర్డర్ పేజీలో 'ఒక సంవత్సరం' అన్న మాటను నమ్మకండి, ఎన్ని సంచికలో అంకె వెతకండి. కొన్ని పత్రికలు డబుల్ సంచిక వేసి దాన్ని రెండుగా లెక్కకడతాయి. ఆటో రెన్యూవల్ పెట్టె ముందే టిక్ చేసి ఉంటుంది, తీసేయండి. మొదటి ఏడాది రేటు తగ్గింపు రేటు, రెండో ఏడాది కార్డు నుంచి కోసేది పూర్తి రేటు.

గడువు తీరడానికి చాలా నెలల ముందే రెన్యూవల్ నోటీసులు మొదలవుతాయి. కొన్నిటిని పంపేది పత్రిక కూడా కాదు. చందాల ఏజెన్సీల పేరుతో అచ్చం బిల్లులా కనిపించే కాగితం వస్తుంది, రేటు అసలుకన్నా ఎక్కువ. సంచిక మీది అడ్రసు లేబుల్‌లో గడువు తేదీ ఉంటుంది. అది చూసి, పత్రిక సొంత సైట్‌లోనే కట్టాలి.

సంస్థ అమ్ముడుపోయినప్పుడు జరిగే గందరగోళం వేరు. మామూలుగా కొత్త యజమాని మిగిలిన సంచికల బాధ్యత కూడా తీసుకుంటాడు, ఎందుకంటే కొన్న ఆస్తిలో సగం విలువ చందాదారుల జాబితాదే. కానీ లేబుళ్లు వేసి పంపే సంస్థ మారితే జాబితాను ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మార్చాలి. అక్కడ ఇంటి నంబర్లు తెగిపోతాయి, గడువు తేదీలు ఎగిరిపోతాయి, ఒకే మనిషి రెండు పేర్లతో రెండు ఖాతాలవుతాడు. అమ్మకం వార్త రాగానే పాత లేబుల్‌ను ఫొటో తీసి పెట్టుకోండి: ఖాతా నంబరు, గడువు రెండూ అందులో ఉంటాయి. సంచిక రావాల్సిన తేదీ దాటి నాలుగు వారాలైనా రాకపోతే అడగండి, ఆర్నెల్లాగితే ప్రతులు అయిపోతాయి. పత్రికే మూతపడితే మిగిలిన డబ్బుకు బదులు వేరే పత్రిక అంటగడతారు. వద్దంటే వాపసు అడగాలి, అదీ సంస్థ దివాలాకు పోకముందే. పోయాక కోర్టులో తనఖా ఉన్న బ్యాంకులు ముందు వరుసలో ఉంటాయి.

పాత సంచికల కోసం కట్టేవాళ్లకు

మోడల్ రైల్‌రోడర్ డిజిటల్ చందాలో అసలు ఆకర్షణ 1934 నుంచి ఉన్న సంచికలు. ఇవి పేజీ ఫొటోలుగానే ఎందుకుంటాయి, విడి వ్యాసాలుగా ఎందుకుండవని చాలామంది విసుక్కుంటారు. కారణంలో కొంత సోమరితనం ఉంటే ఉండొచ్చు, మిగతాది చట్టం. 2001లో అమెరికా సుప్రీంకోర్టు టాసిని కేసులో, బయటి రచయితల వ్యాసాలను వాళ్ల అనుమతి లేకుండా విడివిడిగా డేటాబేస్‌లో పెట్టడం చెల్లదంది. నేషనల్ జియోగ్రాఫిక్ మీద గ్రీన్‌బర్గ్ వేసిన కేసులో 2008లో అప్పీలు కోర్టు, అచ్చులో ఉన్న పేజీని ఉన్నదున్నట్టు చూపిస్తే తప్పులేదంది. పాఠకులు రాసిన వ్యాసాలతో నిండిన హాబీ పత్రికకు ఆ రెండో దారే క్షేమం.

ఫొటో పేజీల్లో వెతకడం యంత్రం గుర్తుపట్టిన అక్షరాల మీద నడుస్తుంది. పాత అచ్చులో హైఫన్లు, విరిగిన మాటలు దానికి దొరకవు. ఎల్-గర్డర్ కావాలంటే హైఫన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి, ఉత్త గర్డర్ అని ఇంకోసారి వెతకాలి. ఏటా డిసెంబరు సంచికలో వార్షిక విషయసూచిక ఉందేమో కూడా చూడండి, ఉంటే యంత్రంకన్నా అదే నయం.

ఆన్‌లైన్ పాత సంచికలు మీవి కావు, చందా ఉన్నంతకాలమే తెరుచుకుంటాయి. యజమాని మారితే లాగిన్ మారుతుంది, ఒక్కోసారి చదివే యాప్ కూడా మారుతుంది. నిజంగా వాడబోయే గీత ఏదైనా ఉంటే ఆ పేజీ ఇవాళే యాక్చువల్ సైజులో ప్రింటు తీసి, 140 మి.మీ. సరిచూసి, ఫైల్లో పెట్టుకోండి.